మిగిలిన టర్కీతో ఫ్రెష్ రోల్స్: ఎక్కడ బెడిసికొడుతోంది, ఎలా సరిచేసుకోవాలి

థ్యాంక్స్‌గివింగ్‌కో క్రిస్మస్‌కో టర్కీ అనే పెద్ద పక్షిని కాల్చిన ఇంట్లో మర్నాడు ఫ్రిజ్ తలుపు తీస్తే పెద్ద డబ్బా నిండా మాంసం కనిపిస్తుంది. ముందురోజు అంత బరువుగా తిన్నాక మళ్ళీ గ్రేవీ, మళ్ళీ బంగాళాదుంప అంటే ఎవరికీ మనసొప్పదు. అలాంటప్పుడు వియత్నాం వాళ్ళ చల్లటి రోల్స్ తింటే ప్రాణం లేచొస్తుంది. తడిపిన రైస్ పేపర్‌లో (బియ్యప్పిండితో చేసిన పల్చటి ఎండు రేకు) పుదీనా, కొత్తిమీర, లెట్యూస్, సన్నటి రైస్ నూడుల్స్, కాస్త మాంసం పెట్టి చుట్టడమే. పొయ్యి పని దాదాపు ఉండదు, నూనె అసలే అక్కర్లేదు. వాళ్ళు మామూలుగా ఉడికించిన పంది మాంసం, రొయ్యలు పెడతారు. ఆ స్థానంలో టర్కీ అయినా, మిగిలిపోయిన కోడి అయినా చక్కగా కుదురుతుంది.

కాకపోతే కొత్తగా చేసేవాళ్ళకి ఏదో ఒకచోట తేడా వస్తుంది. చిరిగిందనో అతుక్కుందనో చెప్పి తప్పంతా రైస్ పేపర్ మీద వేస్తారు. నేను మాత్రం ముందు మాంసాన్ని చూడమంటాను. అక్కడ ఉండాల్సిన తడి ఉండదు, మిగతా చోట్ల అక్కర్లేని తడి ఉంటుంది. ఈ రోల్స్‌లో వచ్చే ఇబ్బందుల్లో చాలావరకు ఈ నీటి లెక్క తప్పడం వల్లే వస్తాయి.

మాంసం ఇంకా తినొచ్చా అన్న అనుమానం

దీన్ని అన్నిటికన్నా ముందు తేల్చుకోవాలి, ఎందుకంటే ఈ రోల్‌లో మాంసం మళ్ళీ వేడెక్కదు. ఫ్రిజ్‌లోంచి తీసింది తీసినట్టే నోట్లోకి వెళ్తుంది. అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే లెక్క సులువైనదే: వండిన టర్కీని 2 గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి, ఫ్రిజ్ 4 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకన్నా చల్లగా ఉండాలి, 3-4 రోజుల్లో తినేయాలి. వాసన బాగానే ఉంది కదా అని నమ్మొద్దు. జబ్బు తెప్పించే బ్యాక్టీరియా పెరిగినా వాసనలో, రంగులో ఏ మార్పూ తెలియకపోవచ్చు.

అసలు ప్రమాదం నిదానంగా చల్లారడంలో ఉంది. క్లోస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా బీజాలు వంట వేడికి కూడా తట్టుకుంటాయి. పక్షిని ముక్కలు చేయకుండా అలాగే వదిలేస్తే లోపల గంటల తరబడి గోరువెచ్చగా ఉంటుంది, ఆ వేడిలో అవి మొలకెత్తి పెరుగుతాయి. అందుకే భోజనాలు అవ్వగానే మాంసాన్ని ఎముకల నుంచి వలిచి, లోతు తక్కువ డబ్బాల్లో పరిచి ఫ్రిజ్‌లో పెట్టేయాలి. రాత్రంతా టేబుల్ మీదే ఉండిపోయిందంటే మాత్రం మొహమాటం లేకుండా పారేయండి. మళ్ళీ వేడిచేస్తే సరిపోతుందనుకోవద్దు, కొన్ని బ్యాక్టీరియా వదిలే విషం వేడికి పోదు.

నాలుగో రోజులోపు తినలేమనిపిస్తే ముందే ఫ్రీజర్‌లో పెట్టుకోవడం మంచిది. తర్వాత దాన్ని ఫ్రిజ్‌లోనే కరగనివ్వాలి. కరిగాక నీరు వదులుతుంది కాబట్టి జల్లెడలో ఒంపి, టిష్యూతో అద్ది వాడండి.

మాంసం పొడిపొడిగా ఉంది, నమిలితే పీచు తగులుతోంది

ఎక్కువమందికి వచ్చే ఇబ్బంది ఇదే, ఎక్కువమంది పట్టించుకోనిదీ ఇదే. టర్కీ బ్రెస్ట్‌లో కొవ్వు చాలా తక్కువ. కాలేటప్పుడు ప్రొటీన్లు ముడుచుకుని లోపలి నీటిని బయటికి నెట్టేస్తాయి. ఫ్రిజ్‌లో మూత సరిగా లేకపోతే మిగిలిన తడి కూడా ఆరిపోతుంది. పండగ రోజు పళ్ళెంలో ఆ పొడితనాన్ని గ్రేవీ కప్పేస్తుంది. రోల్‌లో గ్రేవీ ఉండదుగా! పైగా మెత్తటి పేపర్, కరకరలాడే కూరగాయల మధ్య ఎండిన మాంసం ఇంకా ఎండినట్టు తెలుస్తుంది.

ముందు కోత సంగతి. మాంసంలో పీచు ఏ వైపు సాగుతోందో చూసి దానికి అడ్డంగా, పలచగా కోయండి. చేత్తో చీలిస్తే పొడుగు పోగులు వస్తాయి, అవి పంటికి తెగవు. కొరకగానే రోల్‌లోని మాంసం మొత్తం ఒకేసారి ఊడి వచ్చేస్తుంది. చీల్చడమే ఇష్టమైతే ఆ పోగుల్ని అడ్డంగా మరోసారి కోసి పొట్టి చేయండి. బ్రెస్ట్‌తో పాటు తొడ మాంసం కూడా కలపండి. అందులో కొవ్వు, జెలటిన్ (ఉడికితే కరిగి, చల్లారితే జెల్లీలా పేరుకునే పదార్థం) ఎక్కువ కాబట్టి చల్లగా తిన్నా మెత్తగా ఉంటుంది.

ఇక అసలు మందు మాంసం పెట్టిన డబ్బా అడుగునే ఉంటుంది. మాంసం తీసేశాక అడుగున లేత గోధుమరంగులో, వేలితో నొక్కితే ఊగే జెల్లీ పేరుకుని ఉంటుంది, చూడండి. కాలినప్పుడు కారిన రసం, చర్మం నుంచీ కీళ్ళ నుంచీ కరిగిన జెలటిన్ కలిసి గడ్డకట్టినది అది. చాలామంది దాన్ని కడిగి పారబోస్తారు, నాకైతే ప్రాణం ఉసూరుమంటుంది. పైన తెల్లగా పేరుకున్న కొవ్వు పొరను చెంచాతో తీసేసి, మూడు నాలుగు టేబుల్ స్పూన్ల జెల్లీని చిన్న గిన్నెలో ఒక పొంగు రానివ్వండి. కాస్త చల్లారాక సుమారు 250 గ్రాముల మాంసంలో కలిపి, ఒక పావుగంట ఫ్రిజ్‌లో పెట్టండి. ఆ రసం పీచుల మధ్యకు దిగి అక్కడే మళ్ళీ పేరుకుంటుంది. కాబట్టి మాంసం తడిగా ఉంటుంది గానీ నీరు కారి పేపర్‌ని నానబెట్టదు. కొవ్వును ఎందుకు తీయాలంటే, చల్లగా తిన్నప్పుడు అది కరగక మైనంలా అంగిలికి పట్టేస్తుంది. జెల్లీ లేకపోతే చికెన్ స్టాక్ (కోడి ఎముకలు ఉడికించి వడకట్టిన రసం) వాడొచ్చు, కాకపోతే తక్కువ పోసి, మాంసం పూర్తిగా పీల్చుకున్నాకే చుట్టాలి.

ఉప్పు వేసే ముందు ఒక ముక్క రుచి చూడండి. ఉప్పునీటిలో నానబెట్టి కాల్చిన టర్కీ అయితే ఇక ఉప్పు అక్కర్లేకపోవచ్చు.

మాంసానికి పాత వాసన, అట్టలాంటి రుచి

చెడిపోలేదు, కానీ నిన్నటి రుచి లేదు. వండిన మాంసంలోని కొవ్వులు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మారిపోవడం దీనికి కారణం. వండినప్పుడు కండలోని ఇనుము విడిపడి ఆ మార్పును ఇంకా వేగంగా జరిపిస్తుంది. టర్కీ కొవ్వు ఆక్సిజన్‌కు త్వరగా లొంగేరకం కాబట్టి దీనిలో ఈ వాసన తొందరగా తెలుస్తుంది. మళ్ళీ వేడిచేస్తే ఆ వాసన గుప్పుమంటుంది, చల్లగా తింటే అంతగా తెలియదు. నిన్నటి టర్కీకి ఈ చల్లటి రోల్స్ ఇంత బాగా సరిపోవడానికి అదొక కారణం.

చర్మాన్ని మాంసంతో కలిపి వాడొద్దు. మాంసంలో అల్లం తురుము, కొంచెం నిమ్మరసం, సన్నగా తరిగిన ఉల్లికాడలు కలపండి. రోల్‌లో పుదీనా, తులసి జాతి బేసిల్ లాంటి ఘాటైన ఆకులు ధారాళంగా పెట్టండి. రెండు ఆకులు అలంకారానికి పెట్టి వదిలేస్తే లాభం లేదు. ఇక్కడ ఆకులు మాంసంతో సమానమైన పదార్థం. తీసేసిన చర్మాన్ని పెనం మీద కరకరలాడేదాకా వేయించి, నలిపి, చుట్టే ముందు ఒక్కో రోల్‌లో కాస్త చల్లితే ఆ కరకర అద్భుతంగా ఉంటుంది. ఇది పెడితే మాత్రం రోల్స్ వెంటనే తినేయాలి.

రైస్ పేపర్ చిరిగిపోతోంది

ఎక్కువసేపు నానబెట్టడమే దీనికి మొదటి కారణం. ప్యాకెట్ మీద ఏం రాసి ఉన్నా, పేపర్ పూర్తిగా మెత్తబడేదాకా నీళ్ళలో ఉంచారంటే అప్పటికే ఆలస్యమైనట్టు. నీళ్ళలోంచి తీశాక కూడా పైన ఉన్న తడిని అది పీల్చుకుంటూనే ఉంటుంది. మామూలు నీళ్ళు లేదా గోరువెచ్చటి నీళ్ళు వెడల్పాటి పళ్ళెంలో పోసి, పేపర్‌ని అంతా తడిసేలా ఒక్కసారి ముంచి తీసేయండి, కొద్ది సెకన్లు చాలు. తీసినప్పుడు అది ఇంకా బిగుసుగానే ఉండాలి, వెదురు చాప మీద ఆరబెట్టినప్పుడు పడిన అచ్చు వేలికి తగులుతూ ఉండాలి. దాన్ని పరిచి, మీరు ఆకు, నూడుల్స్, మాంసం సర్దేలోపు తనంతట తానే మెత్తబడుతుంది. వేడి నీళ్ళు వాడితే ఈ వ్యవధి దొరకదు, చేతిలోనే జావ అయిపోతుంది.

నానబెట్టడం సరిగ్గానే ఉన్నా చిరుగుతోందంటే లోపల ఏదో గుచ్చుకుంటోంది. మందంగా తరిగిన క్యారెట్ ముక్కల కొసలు, మాంసంలో మిగిలిపోయిన సన్నటి ఎముక ముక్క చూడండి. ఎముక అయితే తినేవాళ్ళకీ ప్రమాదమే, మాంసాన్ని వేళ్ళతో ఒకసారి తడిమి చూసుకోవాలి. క్యారెట్‌ని అగ్గిపుల్లంత సన్నగా తరిగి, ముందు లెట్యూస్ ఆకు పరిచి దానిలో మిగతావన్నీ పెడితే పేపర్‌కి రక్షణ.

మూడో కారణం ఆశ. 22 సెంటీమీటర్ల పేపర్‌లో 30 గ్రాముల మాంసం, చిన్న గుప్పెడు నూడుల్స్, ఆకులు, రెండు మూడు రకాల కూరగాయ ముక్కలు, అంతే పడుతుంది. చుట్టేశాక చిరిగితే విప్పొద్దు, తడిపిన ఇంకో పేపర్‌లో అలాగే పెట్టి చుట్టేయండి.

అంచులు గట్టిగా ఉండి మడత దగ్గర విరుగుతున్నాయి

తడి సమంగా పడలేదు. పళ్ళెం పేపర్ కన్నా చిన్నదైతే ఇలా అవుతుంది. అంచుని తిప్పుతూ ముంచండి, లేదా తడి వేళ్ళతో అంచు చుట్టూ ఒకసారి రాయండి.

బల్లకి అతుక్కుపోతోంది

పొడి చెక్క మీద పరిస్తే ఊడిరాదు. నున్నటి పళ్ళాన్ని తడిపి దాని మీద పరచండి, లేదా శుభ్రమైన తడిగుడ్డ గట్టిగా పిండి వేసుకోండి.

రోల్ వదులుగా ఉంది, కొరికితే అన్నీ జారిపోతున్నాయి

చిరుగుతుందన్న భయంతో చేయి వదులైతే ఇలా జరుగుతుంది. పదార్థాలు పేపర్ మధ్యలో కాకుండా మీకు దగ్గరగా ఉన్న మూడో వంతులో, అడ్డంగా కట్టలా పెట్టండి. దగ్గరి అంచుని వాటి మీదుగా లాగి, నాలుగు వేళ్ళతో కట్టను వెనక్కి నొక్కి బిగించండి. ఆ తర్వాతే రెండు పక్కలూ లోపలికి మడిచి ముందుకు దొర్లించాలి. పక్కలు ముందే మడిచేస్తే బిగింపు రాదు. పేపర్ తనకు తానే అతుక్కుంటుంది, జిగురు ఏమీ అక్కర్లేదు. ముక్కలుగా కోయాలనుకుంటే పదునైన కత్తిని తడిపి, వడ్డించే ముందే కోయండి.

పైకి అందంగా కనిపించాలంటే రెండు పుదీనా ఆకుల్ని పేపర్ దూరపు కొసన, మీరు చివరగా చుట్టే చోట పెట్టండి. పల్చటి పేపర్‌లోంచి పచ్చగా కనిపిస్తాయి.

లోపల నీరు ఊరుతోంది

కీరదోస గింజల భాగం, కడిగి ఆరబెట్టని ఆకులు, సరిగా ఒంపని నూడుల్స్, ఈ మూడింట్లో ఒకటి కారణం. గింజల భాగం గీకేయండి. ఆకుల్ని బట్టలో చుట్టి తడి లాగేయండి. నూడుల్స్ ఉడకగానే చల్లటి నీళ్ళతో కడిగి, జల్లెడలో కనీసం పది నిమిషాలు వదిలేయండి. సాస్‌ని లోపల పోయకండి, ముంచుకు తినడానికి పక్కన పెట్టండి.

అన్నీ బాగున్నాయి, కానీ చప్పగా ఉంది

రోల్‌లో ఉప్పు, పులుపు తక్కువగానే ఉంటాయి, ఆ రుచులు సాస్ నుంచి రావాలి. ఫిష్ సాస్ (ఉప్పులో ఊరిన చేపల నుంచి తీసే రసం), నిమ్మరసం, చక్కెర రెండేసి టేబుల్ స్పూన్లు, నీళ్ళు నాలుగు, దంచిన వెల్లుల్లి, పచ్చిమిర్చి కలిపితే వియత్నాం వాళ్ళ నువోక్ చామ్‌కి దగ్గరగా వస్తుంది. పండగ నుంచి మిగిలిన క్రాన్‌బెర్రీ సాస్ ఉంటే అదీ పనికొస్తుంది. అది తీపి ఎక్కువ, కాబట్టి చక్కెర వేయకుండా నిమ్మరసం, కాస్త ఫిష్ సాస్, మిర్చి, రెండు చెంచాల నీళ్ళతో పలచన చేయండి. టర్కీకి అది ఎంత బాగా నప్పుతుందో తింటేగానీ తెలియదు.

ఫ్రిజ్‌లో పెడితే రోల్స్ గట్టిపడ్డాయి

ఉడికిన బియ్యపు పిండిపదార్థం చల్లదనానికి మళ్ళీ బిగుసుకుంటుంది, దాంతో పాటు ఫ్రిజ్ గాలికి పైపొర ఆరిపోతుంది. అందుకే వీటిని తినబోయే రోజే చుట్టాలి. కొన్ని గంటల ముందు చేయక తప్పకపోతే ఒక్కో రోల్‌ని విడిగా క్లింగ్ ఫిల్మ్‌లో చుట్టి, ఒకదానికొకటి తగలకుండా పెట్టండి. తగిలితే అతుక్కుని, విడదీసేటప్పుడు చిరుగుతాయి. ఇంకా మంచి పద్ధతి, అన్నీ తరిగి విడివిడిగా మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, ఎవరి రోల్ వాళ్ళు చుట్టుకునేలా టేబుల్ మీద పెట్టడం. మాంసం గిన్నె మాత్రం బయట 2 గంటలు దాటనివ్వొద్దు.

అప్పటికే గట్టిపడిన రోల్స్‌ని నీళ్ళలో ముంచి మెత్తబరచాలని చూడకండి, పైన జిగటగా, లోపల గట్టిగా తయారవుతాయి. నాన్‌స్టిక్ పెనం మీద చెంచాడు నూనె వేసి, రోల్స్ ఒకదానికొకటి తగలకుండా దూరం దూరంగా పెట్టి, మధ్యస్థమైన మంట మీద తిప్పుతూ కాల్చండి. పేపర్ మీద చిన్న చిన్న బుడగలు లేచి, అక్కడక్కడా బంగారు రంగు తిరిగేసరికి పైన కరకరలాడుతూ, కింద సాగుతూ ఉంటుంది. లోపల మాంసం కూడా పొగలు కక్కేంత వేడెక్కనిచ్చి తీయండి. లెట్యూస్ వాడిపోతుంది గానీ, పుదీనా, అల్లం వాసన అప్పుడే బాగా పైకొస్తుంది.