డీఏ కొనే ముందు నేను చూసేవి

టీవీ చానెల్‌కి పరికరాలు కొనేటప్పుడు వీడియో రూటర్ మీద, స్విచర్ మీద నెలల తరబడి చర్చిస్తాం. ఒకే సిగ్నల్‌ని చాలా చోట్లకి పంచే డిస్ట్రిబ్యూషన్ ఆంప్లిఫయర్ (డీఏ) మాత్రం కొటేషన్ చివర్లో ఒక్క లైనుగా వస్తుంది. కానీ ఎన్‌కోడర్‌కి, మానిటర్లకి, ప్రసారాన్ని రికార్డు చేసే లాగర్‌కి ప్రోగ్రామ్ వెళ్ళేది ఆ ఒక్క కార్డులోంచే. అందుకే మెయింటెనెన్స్ వాడిగా నేను అవుట్‌పుట్లు లెక్కపెట్టే ముందు, ఆ కార్డు ఆగితే ఏమేం ఆగుతాయో లెక్కపెడతాను.

ముందు మీ దగ్గర ఏ సిగ్నల్ నడుస్తోందో రాసుకోండి. మన న్యూస్ చానెళ్ళలో ఎక్కువగా 1080ఐ 50, అంటే సెకనుకి 1.485 గిగాబిట్ల హెచ్‌డీ-ఎస్‌డీఐ (కేబుల్ మీద వెళ్ళే డిజిటల్ వీడియో సిగ్నల్). 1080పీ 50కి వెళ్ళే ఆలోచన ఉంటే 2.97 గిగాబిట్ల 3జీ కార్డే తీసుకోండి.

ఆ తర్వాత తేల్చుకోవలసింది రీక్లాకింగ్, అంటే సిగ్నల్ టైమింగ్‌ని మళ్ళీ సరిచెయ్యడం. ఈక్వలైజర్ కేబుల్‌లో నీరసించిన సిగ్నల్‌ని నిలబెడుతుంది, కానీ జిట్టర్‌ని, అంటే బిట్ల టైమింగ్‌లో వచ్చే వణుకుని, తీసెయ్యదు. ఆ పని రీక్లాకర్‌ది. స్టూడియో నుంచి పీసీఆర్ (ప్రొడక్షన్ కంట్రోల్ రూమ్), అక్కడి నుంచి రూటర్, ఎమ్‌సీఆర్ (మాస్టర్ కంట్రోల్ రూమ్) అని సిగ్నల్ మూడు నాలుగు మెట్లు దిగుతుంటే జిట్టర్ మెట్టుమెట్టుకీ పేరుకుంటుంది. హెచ్‌డీకి అలైన్‌మెంట్ జిట్టర్ పరిమితి 0.2 యూఐ, అంటే ఒక బిట్ కాలంలో అయిదో వంతు మాత్రమే. ప్రోగ్రామ్ దారిలో రీక్లాకింగ్ లేని కార్డు నేను ఒప్పుకోను. పక్క ర్యాక్‌లోని మానిటర్‌కి ఇవ్వడానికైతే మామూలుది చాలు.

ఏఎస్‌ఐ (కంప్రెస్ చేసిన చానెల్ స్ట్రీమ్‌ని మోసే సిగ్నల్) కూడా అదే కార్డు మీద పంచాలనుకుంటే ఇంకొకటి తప్పక అడగండి: అన్ని అవుట్‌పుట్లూ నాన్-ఇన్వర్టింగేనా, అంటే సిగ్నల్‌ని తలకిందులు చెయ్యకుండా ఇస్తాయా? ఎస్‌డీఐకి పొలారిటీ తిరగబడినా ఇబ్బంది లేదు, ఏఎస్‌ఐకి ఉంది. కొన్ని కార్డుల్లో సగం అవుట్‌పుట్లు ఇన్వర్టెడ్‌గా వస్తాయి. ఐఆర్‌డీ (శాటిలైట్ రిసీవర్) నుంచి వచ్చిన ఏఎస్‌ఐ ఒక బీఎన్‌సీ కనెక్టర్‌లో లాక్ అయ్యి, పక్కదానిలో అవ్వకపోతే మొదట దీన్నే అనుమానించండి. కేబుళ్ళు మార్చి మార్చి రాత్రంతా గడిపినవాళ్ళను చూశాను.

డేటాషీట్‌లో రాసిన మీటర్లని నమ్మి ఆర్డర్ పెట్టకండి. అది ప్యాచ్ ప్యానెల్ లేని కొత్త కేబుల్ లెక్క. డెమో కార్డు తెప్పించుకుని, మీ బిల్డింగులో అన్నిటికంటే పొడవైన రన్ మీద, ప్యాచ్ ప్యానెళ్ళతో సహా, ఎస్‌డీఐ చెక్‌ఫీల్డ్ అనే టెస్ట్ సిగ్నల్ పంపండి. ఈక్వలైజర్‌నీ, రీక్లాకర్‌నీ బాగా ఇబ్బంది పెట్టే సిగ్నల్ అదే. సీఆర్‌సీ ఎర్రర్లు (డేటా చెడిందని చెప్పే లెక్క) సున్నా అని చూసి వదిలెయ్యకండి. కేబుల్ కొంచెం కొంచెం కలుపుతూ ఎర్రర్లు ఎక్కడ మొదలవుతాయో చూడండి. డిజిటల్ సిగ్నల్ అంచు దాకా శుభ్రంగా కనిపించి ఒక్కసారిగా పడిపోతుంది. ఆ అంచుకి మీ రన్ ఎంత దూరంలో ఉందన్నదే అసలు ప్రశ్న.

కార్డులు కూర్చునే ఫ్రేమ్‌కి రెండు పవర్ సప్లైలు ఉండాలి, వాటి ప్లగ్గులు రెండు వేర్వేరు యూపీఎస్‌లలో ఉండాలి. రెండూ ఒకే స్ట్రిప్‌లో గుచ్చితే రెండోది కొన్న డబ్బు దండగ. డెమోలోనే ఒక సప్లై లాగెయ్యండి, ఫ్యాన్ ఆపండి. అలారం ఎస్‌ఎన్‌ఎంపీ (నెట్‌వర్క్ మీద పరికరాల్ని గమనించే ప్రోటోకాల్) ద్వారా మీ మానిటరింగ్ స్క్రీన్ దాకా వస్తోందా చూడండి. ఎండాకాలం ఏసీ దిగిపోయిన మధ్యాహ్నం మీకు ముందుగా తెలియాల్సింది ఆ ఫ్యాన్ సంగతే. పవర్ పోయినా ఇన్‌పుట్‌ని ఒక అవుట్‌పుట్‌కి నేరుగా కలిపే రిలే బైపాస్ ఉన్న కార్డు దొరికితే దాన్ని ఆన్-ఎయిర్ దారిలో పెట్టండి.

బ్లాక్ బరస్ట్ (పరికరాలన్నిటినీ ఒకే టైమింగ్‌లో ఉంచే రిఫరెన్స్ సిగ్నల్) పంచేది అనలాగ్ డీఏ, దాని సంగతి వేరు. ఒక పరికరం నుంచి ఇంకోదానికి సాగే లూప్-త్రూ చివర 75 ఓమ్స్ టర్మినేటర్ లేకపోతే లెవెల్ రెట్టింపవుతుంది, రెండు టర్మినేటర్లు పడితే మూడింట రెండొంతులకి పడిపోతుంది. స్కోప్ మీద పాల్ సింక్ 300 మిల్లీవోల్టులు ఉందో లేదో కొలవండి.

ఓపెన్‌గేర్ లాంటి ఫ్రేమ్ అయితే వేరే కంపెనీల కార్డులు కూడా కూర్చుంటాయి, రేపు ఒకే అమ్మకందారుడి మీద ఆధారపడక్కర్లేదు. ఆర్డర్‌లో స్పేర్ కార్డుతో పాటు దాని రియర్ మాడ్యూల్ కూడా రాయించండి. బీఎన్‌సీలు ఉండేది దాని మీదే, చాలామంది మర్చిపోయేదీ అదే.