గార్డులకు ఎన్ని నిమిషాలు? కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టు గురించి వాదన ఎలా చేయాలి

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో నవంబరులో మొదలై మార్చి దాకా అభిమానుల మధ్య తెగని చర్చ ఒకటుంది: జట్టులోని గార్డుల్లో (బంతిని నడిపిస్తూ, ఎక్కువగా బుట్టకు దూరంగా ఆడేవారిలో) ఎవరిని ఎంతసేపు ఆడించాలి? అక్కడి విశ్వవిద్యాలయాల్లో చదివే తెలుగు విద్యార్థులు కూడా నాలుగు ఆటలు చూశాక ఇందులోకి దిగకుండా ఉండడం కష్టమే. అయితే చాలా వాదనలు "ఫలానా కుర్రాడు అంత బాగా ఆడుతుంటే కోచ్‌కు కనిపించడం లేదా?" అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతాయి. అది అభిమానమే గాని వాదన కాదు. ఎవరి నిమిషాలు తగ్గించి, ఏ సమయంలో, ఎవరి పక్కన ఆడించమంటున్నారో చెప్పగలిగినప్పుడే అది వాదన అవుతుంది. ఈ పద్ధతిని వివరించడానికి కెంటకీ విశ్వవిద్యాలయపు 2014–15 పురుషుల జట్టును ఉదాహరణగా తీసుకుంటున్నాను; ఒకే జట్టులో నలుగురు మంచి గార్డులున్నప్పుడు ఈ చర్చ ఎంత చిక్కుగా మారుతుందో ఆ జట్టు స్పష్టంగా చూపిస్తుంది.

1. ముందు నిమిషాలు లెక్కపెట్టండి

పురుషుల ఆటలో 20 నిమిషాల చొప్పున రెండు అర్ధభాగాలు ఉంటాయి. మహిళల ఆటను 2015–16 నుంచి 10 నిమిషాల చొప్పున నాలుగు భాగాలుగా ఆడుతున్నారు. ఎలా విభజించినా ఆట 40 నిమిషాలే, మైదానంలో ఉండేది ఐదుగురే, కాబట్టి కోచ్ చేతిలో ఉన్నవి మొత్తం 200 నిమిషాలు. ఇద్దరు గార్డులతో ఆడే జట్టులో గార్డుల వాటా 80 నిమిషాలు, ముగ్గురితో ఆడే జట్టులో 120. అదనపు సమయం వస్తే ఒక్కొక్క స్థానానికి మరో ఐదు నిమిషాలు కలుస్తాయి, అంతే.

క్రికెట్ జట్టు ఎంపికప్పుడు "అతణ్ణి తీసుకోవాలి" అని ఎవరైనా అంటే, వెంటనే "మరి ఎవరిని తప్పిస్తావు?" అని అడుగుతాం కదా, ఇక్కడా ఆ ప్రశ్నే అడగాలి. ఒకరికి ఎనిమిది నిమిషాలు అదనంగా కోరినవారు ఆ ఎనిమిదీ ఎవరి ఖాతాలోంచి వస్తాయో పేరుతో సహా చెప్పాలి.

కెంటకీ కోచ్ జాన్ కాలిపారి ఆ ఏడాది మొదట్లో ఈ చిక్కును చాలా నిక్కచ్చిగా పరిష్కరించారు. పదిమంది ఆటగాళ్ళను ఐదుగురి చొప్పున రెండు దళాలుగా విడదీసి, దళం మొత్తాన్ని ఒకేసారి మార్చేవారు. కవలలైన ఆండ్రూ, ఏరన్ హారిసన్‌లు ఒక దళంలో, కొత్తగా చేరిన టైలర్ యూలిస్, డెవిన్ బుకర్ మరో దళంలో ఆడేవారు. 2014 నవంబరులో కాన్సస్ వంటి పెద్ద జట్టును ఈ పద్ధతిలోనే 72–40తో చిత్తు చేశారు. డిసెంబరులో అలెక్స్ పోయిత్రెస్ మోకాలికి తీవ్రమైన గాయం తగలడంతో పదిమంది లెక్క తప్పింది, దళాల పద్ధతి సడలింది. నిమిషాల గురించి అసలైన చర్చకు అప్పటినుంచే చోటు దొరికింది.

2. పోటీ ఎవరెవరి మధ్యనో తేల్చండి

గార్డులంతా ఒకే పని చేయరు. బంతిని ముందుకు తెచ్చి, ఎవరికి ఎప్పుడు అందించాలో నిర్ణయించేది పాయింట్ గార్డు. ఖాళీ దొరికిన చోట నిలబడి దూరం నుంచి షాట్లు వేసేది ప్రధానంగా షూటింగ్ గార్డు. కెంటకీలో ఆండ్రూ, యూలిస్ మొదటి రకం. ఏరన్, బుకర్ రెండో రకం. కాబట్టి "యూలిస్‌కా, బుకర్‌కా?" అన్న ప్రశ్నకు పెద్దగా అర్థం లేదు, ఆ ఇద్దరూ పక్కపక్కన ఆడగలరు. "బుకర్‌కా, ఏరన్‌కా?" అన్నదే నిజమైన పోటీ. మీ జట్టులోని గార్డులను కూడా ముందుగా ఇలా జతలుగా విడదీయండి. సగం గొడవ అక్కడే సమసిపోతుంది.

3. అంకెలను తీసుకోండి, కానీ నిలదీసి తీసుకోండి

అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త అవసరమయ్యేది ఈ మెట్టు దగ్గరే. అభిమానులు సగటు పాయింట్లతో మొదలుపెడతారు, కాని ఎక్కువసేపు ఆడినవారికి ఎక్కువ పాయింట్లు రావడం సహజం. పోనీ 40 నిమిషాల లెక్కకు మార్చి చూద్దామంటే ఇంకో ప్రమాదం ఉంది: 12 నిమిషాల్లో 8 పాయింట్లు చేసిన ఆటగాడు 40 నిమిషాల లెక్కలో దాదాపు 27 పాయింట్ల వీరుడిగా కనిపిస్తాడు, నిజానికి ఆ 12 నిమిషాలూ ఓటమి ఖాయమైన ప్రత్యర్థి తన బెంచి ఆటగాళ్ళను దించాక వచ్చినవి కావచ్చు.

షూటింగ్ విషయంలో మూడు పాయింట్ల షాట్ (దూరపు గీత బయటినుంచి వేసేది) విలువను కలుపుకొని లెక్కించండి. పది షాట్లలో ఐదు బుట్టలో వేసి అన్నీ రెండు పాయింట్లవే అయితే 10 పాయింట్లు. నాలుగే వేసినా అన్నీ మూడు పాయింట్లవైతే 12. మామూలు శాతం మొదటివాణ్ణి పైన నిలబెడుతుంది, స్కోరు బోర్డు మాత్రం రెండోవాడి పక్షాన ఉంటుంది. పాయింట్ గార్డు విషయంలో అసిస్టులను (సహచరుడు బుట్ట వేసేలా అందించిన పాస్‌లను), బంతిని పోగొట్టుకున్న సందర్భాలను పక్కపక్కన పెట్టి చూడాలి. ఆటగాడు మైదానంలో ఉన్నంతసేపు జట్టు ఎంత ముందుందో చెప్పే ప్లస్-మైనస్ అంకెను ఒక్క ఆటకు వాడకండి; గొప్ప సహచరుల పక్కన నిలబడినవాడికి ఆ అంకె ఊరికే పెరుగుతుంది.

బుకర్, ఏరన్‌ల జతకు తిరిగి వద్దాం. ఆ సీజన్‌లో మూడు పాయింట్ల షాట్లలో బుకర్ 41 శాతం వేశాడు, ఏరన్ సుమారు 32 శాతమే వేశాడు. ఇంత తేడా ఉన్నా ప్రతి ఆటా ఏరన్‌తోనే మొదలవడం ఏమిటని అడగవచ్చు, అడగాలి కూడా. ఎదుటివారి దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది: అంతకు ముందటి మార్చిలో జాతీయ టోర్నమెంటులో మిషిగన్ మీద 2.3 సెకన్లు, ఆ తరువాత సెమీఫైనల్లో విస్కాన్సిన్ మీద 5.7 సెకన్లు మిగిలి ఉండగా గెలుపు షాట్లు వేసింది ఏరనే. నా అభిప్రాయంలో ఈ జవాబు చివరి రెండు నిమిషాలకు పనికొస్తుంది గాని, ఆట మధ్యలోని 30 నిమిషాలకు పనికిరాదు. జ్ఞాపకాన్ని, శాతాన్ని ఒకే త్రాసులో వేయకుండా, దేనికి ఏ సమయంలో బరువు ఇవ్వాలో విడదీయడమే ఇక్కడ చేయవలసిన పని.

4. మొదలుపెట్టేవారిని, ముగించేవారిని వేరుగా చూడండి

మొదటి ఐదుగురిలో పేరు లేకపోతే అన్యాయం జరిగినట్టు అభిమానులు భావిస్తారు. బుకర్ ఆ ఏడాది బెంచి మీదినుంచే వచ్చి, ఆటకు సుమారు 21 నిమిషాలు ఆడి, సగటున 10 పాయింట్లు చేసి, కెంటకీ ఆడే ఆగ్నేయ కాన్ఫరెన్స్ అనే జట్ల సమూహంలో ఉత్తమ ఆరో ఆటగాడిగా (బెంచి మీదినుంచి వచ్చేవారిలో ఉత్తముడిగా) ఎంపికయ్యాడు. కొద్ది నెలల్లోనే అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలోని ఫీనిక్స్ జట్టు అతణ్ణి 13వ ఎంపికగా తీసుకుంది. 2018 జాతీయ టోర్నమెంటు ఫైనల్లో మిషిగన్ మీద విల్లనోవా తరఫున 31 పాయింట్లు చేసిన డాంటే డివిన్సెంజో కూడా ఆ రోజు బెంచి మీదినుంచి వచ్చినవాడే. అందుచేత ఆట మొదలైనప్పుడు ఎవరున్నారన్నది వదిలేసి, తేడా ఐదు పాయింట్ల లోపు ఉన్నప్పుడు చివరి నాలుగు నిమిషాలు ఎవరు ఆడుతున్నారో నాలుగైదు ఆటలపాటు రాసుకోండి. కోచ్‌కు ఎవరి మీద నమ్మకమో అక్కడ తెలుస్తుంది.

ఫౌళ్ళను కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఐదు ఫౌళ్ళకు ఆటగాడు బయటికి వెళ్ళాలి కనుక, మొదటి అర్ధభాగంలో రెండు ఫౌళ్ళు పడిన గార్డును విరామం దాకా కూర్చోబెట్టడం చాలామంది కోచ్‌లకు అలవాటు. ఒక ఆటలో ఎవరికో 14 నిమిషాలే వచ్చాయని విరుచుకుపడే ముందు, అవి ఎందుకు తగ్గాయో ఆట నమోదు పత్రంలో చూసుకోండి.

5. మీకు కనిపించనిదాన్ని ఒప్పుకోండి

సాధనలో ఏం జరుగుతుందో, ఎవరికి చీలమండ నొప్పి ఉందో, తోటివాణ్ణి దాటుకొని ప్రత్యర్థి లోపలికి వస్తున్నప్పుడు ఎవరు సాయానికి వెళ్ళడం లేదో టీవీ ముందు కూర్చున్నవారికి పూర్తిగా తెలియదు. కోచ్‌కు ఇంకో బెంగ కూడా ఉంటుంది: కాలేజీ మారిన ఆటగాడు ఏడాదిపాటు ఆగాలన్న నియమం 2021లో మొదటిసారి మారేవారికి, 2024లో మిగతావారికీ తొలగింది, కాబట్టి నిమిషాలు చాలని గార్డు వసంతానికల్లా మరో జట్టు వెతుక్కోవచ్చు.

6. మీ కోరికను నిమిషాలతో, షరతుతో సహా రాయండి

ఉదాహరణకు ఇలా రాయవచ్చు: "ఏరన్ నుంచి నాలుగు నిమిషాలు తీసి, ప్రత్యర్థి జోన్ రక్షణ (ఒక్కొక్కరు ఒక ఆటగాణ్ణి కాకుండా ఒక ప్రాంతాన్ని కాచే పద్ధతి) వేసినప్పుడల్లా బుకర్‌కు ఇవ్వాలి, తేడా తక్కువగా ఉన్న ఆటల్లో చివరి నాలుగు నిమిషాలు యూలిస్, ఆండ్రూ ఇద్దరూ ఉండాలి, వచ్చే ఐదు ఆటల్లో బుకర్ కాపలా కాస్తున్న గార్డు సులువుగా బుట్ట దాకా దూసుకెళ్తుంటే ఈ మాటను వెనక్కి తీసుకుంటాను." ఎదుటివారినీ ఇదే రూపంలో రాయమనండి, ఆ తరువాత ఇద్దరి లెక్కనూ జట్టు మొత్తానికి నిమిషాల పట్టికగా వేసి, రెంటిలోనూ కూడిక 200కు వచ్చిందో లేదో చూడండి.

7. జట్టు మారితే లెక్క మళ్ళీ మొదలుపెట్టండి

కెంటకీ 38 ఆటలు వరుసగా గెలిచి, 2015 ఏప్రిల్‌లో సెమీఫైనల్లో విస్కాన్సిన్ చేతిలో 71–64తో ఓడింది. ఆ సీజన్ మొత్తంలో సగటున 30 నిమిషాలు దాటిన ఆటగాడు ఒక్కడూ లేడు. హారిసన్ సోదరులు, బుకర్ ముగ్గురూ ఎన్‌బీఏ దారి పట్టగా, మిగిలిన యూలిస్ మరుసటి ఏడాది ఆటకు దాదాపు 37 నిమిషాలు ఆడి, కాన్ఫరెన్స్‌లో ఉత్తమ ఆటగాడి గౌరవాన్ని, ఉత్తమ రక్షణ ఆటగాడి గౌరవాన్ని రెంటినీ అందుకున్నాడు. అతడు ఎదిగిన మాట నిజమే, అయినా నిమిషాలు అంతగా పెరగడానికి అతడి ముందు నిలబడినవారు వెళ్ళిపోవడం కూడా కారణమే. కాబట్టి 2015–16లో వాదించవలసిన ప్రశ్న వేరు: జమాల్ మర్రే, ఐజేయా బ్రిస్కోలలో ఎవరి చేతికి బంతి ఇచ్చి, ఆటకు ఒక మూడు నిమిషాలపాటు యూలిస్‌ను కూర్చోబెట్టవచ్చు?