బెంగళూరుకు కాపురం మార్చేముందు కాగితాల జాగ్రత్తలు

ఏప్రిల్, మే నెలల్లో మనవాళ్లు చాలామంది బెంగళూరుకు కాపురం మారుస్తారు. పిల్లల పరీక్షలు అయిపోతాయి, జూన్‌లో బడి తెరిచేలోపు ఇల్లు కుదరాలి. ఆ హడావుడిలో మంచాలు, బీరువా, గ్యాస్ పొయ్యి అన్నీ గుర్తుంటాయి, కాగితాలే గుర్తుండవు. వచ్చిన రెండు మూడు నెలలకు ఏదో ఒక ఆఫీసులో "ఇది మీ ఊరి నుంచే తేవాలి" అంటారు. అప్పుడు మెజెస్టిక్‌లో రాత్రి బస్సెక్కి, ఒక్క సంతకం కోసం రెండు రోజుల కూలీయో సెలవో పోగొట్టుకుని రావాలి. నేను మారతహళ్లి వైపు పన్నెండేళ్లుగా ఉంటున్నాను. కొత్తగా వచ్చిన తెలుగు కుటుంబాలకు ఫారాలు నింపిపెట్టడం అలవాటైపోయింది. నేను చూసినంతలో కాగితం లేక ఇబ్బంది పడేవాళ్లు తక్కువ, వరస తప్పి పడేవాళ్లే ఎక్కువ.

బయల్దేరేముందు ఒక పూట కూర్చుని ఇంట్లో అందరి ఆధార్, పాన్, పదో తరగతి మెమో, బ్యాంకు పాస్‌బుక్, రేషన్ కార్డు చాప మీద పరచండి. పేర్లు పోల్చి చూడండి. మనకు ఇంటిపేరుతోనే పెద్ద చిక్కు. ఒక కార్డులో పొడి అక్షరం, ఇంకోదాంట్లో పూర్తిగా, మరోదాంట్లో చివర ఉంటుంది. పెళ్లయిన ఆడవాళ్ల కార్డుల్లో ఒకచోట పుట్టింటి ఇంటిపేరు, ఇంకోచోట అత్తింటిది. ఊళ్లో అందరూ ఎరిగినవాళ్లే కాబట్టి నడిచిపోతుంది, ఇక్కడ నడవదు. ఆధార్‌లో పేరును జీవితం మొత్తంలో రెండుసార్లు, పుట్టిన తేదీని ఒక్కసారి మాత్రమే మార్చుకోనిస్తారు. కాబట్టి తొందరపడి ఏదో ఒకలా మార్పించుకోవద్దు. పదో తరగతి మెమో ఉన్నవాళ్లు అందులో ఉన్న అక్షరాలకే మిగతావన్నీ సరిచేసుకోండి.

కుల ధ్రువీకరణ పత్రం తప్పకుండా ఊళ్లోనే తీసుకోండి. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు ఇది మరీ ముఖ్యం. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి వలస వచ్చినవాళ్లకు అక్కడి రాష్ట్ర రిజర్వేషన్ వర్తించదని సుప్రీంకోర్టు 1990లోనే చెప్పింది. కేంద్ర ఉద్యోగాలకు, కేంద్ర విద్యాసంస్థలకు మాత్రం సొంత రాష్ట్రం ఇచ్చిన పత్రమే పనికొస్తుంది. పిల్లలు ఇక్కడ పుట్టినా తండ్రి పత్రమే ఆధారం. అసలు ప్రతిని జాగ్రత్తగా దాచండి.

ఇక ఇల్లు. అద్దె అగ్రిమెంటు పదకొండు నెలలకే రాస్తారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది దాటిన లీజు రిజిస్టర్ చేయించాలి, ఆ ఖర్చు తప్పించుకోవడానికి ఈ పద్ధతి. అందులో తప్పేమీ లేదు. కానీ భార్యాభర్తలిద్దరి పేర్లూ రాయించండి. లేకపోతే రేపు ఆవిడ పేరుతో ఏ పనికి వెళ్లినా అడ్రసు చూపడానికి ఏమీ ఉండదు, కరెంటు బిల్లు ఎలాగూ ఓనరు పేరునే వస్తుంది. అడ్వాన్సు ఇక్కడ ఎక్కువ. ఒకప్పుడు పది నెలల అద్దె అడిగేవాళ్లు, ఇప్పటికీ ఐదారు నెలలు అడిగేవాళ్లున్నారు. నా మొదటి ఇంటికి అడ్వాన్సులో కొంత నగదుగా ఇచ్చాను, అగ్రిమెంటులో తక్కువ అంకె రాశారు. ఖాళీ చేసినరోజు కాగితం మీద ఉన్నంతే చేతికొచ్చింది. అడగడానికి నా దగ్గర రుజువు లేదు. ప్రతి రూపాయీ బ్యాంకు ద్వారానే పంపండి, అదే అంకె కాగితం మీద ఉండాలి. పెయింటింగ్ పేరుతో ఖాళీ చేసేటప్పుడు ఒక నెల అద్దె పట్టుకుంటారు. ఎంత పట్టుకుంటారో ముందే రాయించండి.

ఈ ఊళ్లో "లీజు" అనే మాటకు ఇంకో అర్థం ఉంది, కన్నడంలో భోగ్య అంటారు. ఒకేసారి పది, పదిహేను లక్షలు కట్టి, రెండు మూడేళ్లు అద్దె లేకుండా ఉండి, వెళ్లేటప్పుడు మొత్తం వెనక్కి తీసుకోవడం. ఊళ్లో పొలం అమ్మి వచ్చినవాళ్లకు ఇది ఆశగా కనిపిస్తుంది. దయచేసి ఇక్కడ ఆగి ఆలోచించండి. కొన్నిచోట్ల మధ్యలో ఒక ఏజెన్సీ ఉండి, మీ దగ్గర లక్షలు తీసుకుని, ఓనరుకు మాత్రం నెలనెలా అద్దె కడుతుంటుంది. మీరు లీజుకున్నారని ఆ ఓనరుకు తెలియనే తెలియదు. కొన్నాళ్లకు ఏజెన్సీ అద్దె ఆపేస్తుంది, ఓనరు వచ్చి ఇల్లు ఖాళీ చేయమంటాడు. మీ డబ్బు ఎవరిని అడగాలి? అందుకే ఓనరును స్వయంగా కలవండి. ఇంటి పన్ను రసీదు, ఖాతా (పన్ను కోసం కార్పొరేషన్ ఉంచే ఇంటి రికార్డు) ఎవరి పేరున ఉన్నాయో చూడండి. కర్ణాటక రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటు కావేరి పోర్టల్‌లో ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీస్తే ఇంటి మీద రిజిస్టరైన తనఖా ఉంటే తెలుస్తుంది. డబ్బు ఓనరు బ్యాంకు ఖాతాకే వెళ్లాలి. ఏడాది దాటిన లీజును సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించాల్సిందే. ఓనరు దానికి ఒప్పుకోకపోతే ఆ ఇల్లు వదిలేయండి.

కన్నడంలో ఉన్న కాగితం ఇస్తే భయపడి గుడ్డిగా సంతకం పెట్టకండి. క, త, శ లాంటి కొన్ని అక్షరాలు తప్ప ఆ లిపి మనకు చాలావరకు కూడబలుక్కుంటే వచ్చేస్తుంది. బాడిగె అంటే అద్దె, రాయలసీమవాళ్లకు చెప్పనక్కర్లేదు. ముంగడ అంటే అడ్వాన్సు, విళాస అంటే చిరునామా, సహి అంటే సంతకం. అర్థం కాని చోట అడిగి తెలుసుకుని తర్వాతే పెన్ను పట్టండి.

అగ్రిమెంటు అయ్యాక గ్యాస్ కనెక్షన్ ఈ అడ్రసుకు మార్చుకోండి. ఊళ్లో సిలిండరు అప్పగించి ట్రాన్స్‌ఫర్ వోచరు తెచ్చుకుంటే ఇది సులువు. గ్యాస్ బిల్లు, ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్ చూపి ఆధార్ అడ్రసు మార్చుకోవచ్చు. ఓటీపీలన్నీ ఆధార్‌కు ఇచ్చిన నంబరుకే వస్తాయి కాబట్టి కొత్త సిమ్ తీసుకున్నా పాత నంబరు రీచార్జి ఆపకండి. కొన్ని నెలలకే తోడు వచ్చే పెద్దవాళ్ల ఆధార్ అడ్రసు మాత్రం తొందరపడి మార్చవద్దు. పింఛన్ల లాంటి రాష్ట్ర పథకాలు ఆ రాష్ట్రంలో నివాసం ఉన్నవాళ్లకే. రేషన్ కోసం కొత్త కార్డు వెతుక్కోనక్కర్లేదు. ఆహార భద్రత చట్టం కిందికి వచ్చే కార్డు అయితే ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పద్ధతిలో ఇక్కడి డిపోలోనే వేలిముద్ర వేసి కేంద్రం ఇచ్చే గింజలు తీసుకోవచ్చు. ఓటు ఇక్కడికి మార్చుకోవడానికి ఫారం 8 చాలు. రెండు చోట్లా పేరు ఉంచుకోవడం చట్టరీత్యా తప్పు.

బండి తెచ్చుకునేవాళ్లకు పన్నెండు నెలలు గడువు. అది దాటితే ఇక్కడి నంబరు వేయించాలి. దానికి ఊళ్లో ఆర్టీవో ఇచ్చే ఎన్వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) కావాలి, ఫారం 28. అప్పు మీద కొన్న బండి అయితే ఫైనాన్స్‌వాళ్ల ఒప్పుదల కూడా ఉండాలి. వైట్‌ఫీల్డ్ వైపు ఉన్నవాళ్లు కేఆర్ పురం ఆర్టీవోకు, ఎలక్ట్రానిక్ సిటీ వైపు వాళ్లు అక్కడి ఆర్టీవోకు వెళ్లాలి.

పిల్లల విషయంలో ఒక సంగతి ఎవరూ ముందుగా చెప్పరు. కర్ణాటక ప్రభుత్వ కోటాలో ఇంజనీరింగ్ సీటుకు, ఎక్కువమందికి వర్తించే నిబంధన ప్రకారం, ఇక్కడ కనీసం ఏడేళ్లు చదివి ఉండాలి. ఆంధ్ర, తెలంగాణల్లోనూ లోకల్ అనిపించుకోవడానికి ముందు కొన్నేళ్ల చదువు ఎక్కడన్నది చూస్తారు. ఎనిమిదో తరగతిలో ఇక్కడికి తెచ్చిన పిల్లవాడు రెండు చోట్లా ఇబ్బంది పడొచ్చు. ఎప్పుడు మార్చాలన్నది ఇది లెక్క వేసుకుని తేల్చుకోండి. బడి మారిన ప్రతిసారీ స్టడీ సర్టిఫికెట్ అప్పుడే తీసుకోండి. బడి మూతపడ్డాక ఆ కాగితం కోసం తిరిగిన తల్లిదండ్రుల టెన్షన్ నేను దగ్గరగా చూశాను.

చివరగా, పురిటికి పుట్టింటికి వెళ్లే అమ్మాయిల గురించి. కాపురం బెంగళూరులో ఉన్నా, బిడ్డ నెల్లూరులో పుడితే జనన నమోదు నెల్లూరులోనే జరుగుతుంది, ఇక్కడ కుదరదు. గడువు 21 రోజులు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడికైనా, పాస్‌పోర్టుకైనా ఈ పత్రమే ఆధారం. అందుకే తల్లిదండ్రుల పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే ఒక కాగితం మీద రాసి ఆసుపత్రి సంచిలో పెట్టండి. బిడ్డకు పేరు ఇంకా కుదరలేదని నమోదు ఆపకండి. పేరు తర్వాత చేర్చుకోవచ్చు, ఏడాదిలోపు అయితే రుసుము కూడా ఉండదు. బిడ్డను తీసుకుని బెంగళూరు బస్సెక్కేలోపు ఆ పత్రం చేతికి వచ్చేలా చూసుకోండి.