గోదావరి డెల్టాలో గోల్ఫ్ గడ్డి వేసే ముందు చూసుకోవాల్సినవి

ముందు నీరు పోయే దారి చూడండి. మన బంకనేల వానకి నీళ్లు పట్టేసి వదలదు. అడుగు లోతు గుంట తవ్వి నీళ్లు నింపండి. మర్నాటికీ నిలిచే ఉంటే డ్రైనేజీ లేకుండా గడ్డి వేయొద్దు. గ్రీన్ (బంతి పడాల్సిన గుంట చుట్టూ ఉండే పొట్టి గడ్డి భాగం) కిందైతే పైపులు, 10 సెం.మీ. కంకర, ఆపైన 30 సెం.మీ. ఇసుక మిశ్రమం ఉండాలి. సముద్రపు ఇసుక ససేమిరా వద్దు, ఉప్పుంటుంది.

అన్నిటికంటే నాకు భయం తుంగ అంటేనే. పైన కోస్తే పోయినట్టే ఉంటుంది, కింది గడ్డ నుంచి మళ్లీ లేస్తుంది. నేల దున్ని, గడ్డలు ఏరి, తడిపి రెండు మూడు వారాలు వదిలేయండి. మొలిచినవాటిని గడ్డతో సహా తవ్వి తీయండి. కడియం నర్సరీల్లో గడ్డి చాపలు కొనేటప్పుడు కూడా అనుమానమున్న కాడను వేళ్ల మధ్య నలిపి చూడండి. మూడు పలకలుగా తగిలితే తుంగే. ఆ చాప తీసుకోకండి.

వేసవిలో కాలువలు కట్టేస్తారు, అప్పుడు బోరే దిక్కు. అంతర్వేది వైపు తీరప్రాంతాల్లో బోరు నీటిని ముందే ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. ఉప్పదనం ఎక్కువైతే బెర్ముడా గడ్డి బదులు ఉప్పును తట్టుకునే పాస్పాలం గడ్డి మేలు.

కొబ్బరి నీడలో బెర్ముడా పలచబడిపోతుంది.

వేర్లు పట్టాకే మొదటి కోత. బ్లేడు పదునుగా ఉండాలి, ఒకసారికి ఎత్తులో మూడో వంతు మించి కోయొద్దు. వాన మబ్బుంటే యూరియా చల్లకండి, కొట్టుకుపోయి పంట కాలువలో కలుస్తుంది.