వారానికి ఒక్క వచనం, ఒక్క సందర్భం

పొద్దున్నే బైబిల్ వాక్యం చదివి మధ్యాహ్నానికి మర్చిపోయేవాళ్లలో నేనూ ఒకణ్ణి. అందుకే ఇప్పుడు వారానికి ఒక్క వచనమే పెట్టుకుంటున్నాను. దాన్ని రోజులో నేను తరచూ తప్పే ఒక్క సందర్భానికి ముడివేస్తాను.

ఉదాహరణకు యాకోబు 1:19: ‘వినుటకు వేగిరపడువాడును, మాటలాడుటకు నిదానించువాడును, కోపించుటకు నిదానించువాడునై యుండవలెను.’ కోపం తగ్గించుకోవాలి అని ఊరికే అనుకుంటే ఏమీ జరగదు. అదే, ఇంట్లోవాళ్లు నా తప్పు ఎత్తిచూపినప్పుడు వాళ్ల మాట పూర్తయ్యేదాకా నోరు విప్పను అని పెట్టుకుంటే, పాటించానో లేదో రాత్రి ప్రార్థనకు కూర్చునేసరికి తెలిసిపోతుంది. మొదటి వారం నాలుగు రోజులు తప్పాను. రెండో వారం కూడా అదే వచనం.

ఇంకో సంగతి, వచనం ఎంచుకునే ముందు దాని పైనా కిందా ఉన్నవి చదవండి. ‘నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను’ (ఫిలిప్పీయులకు 4:13) అని పరీక్షల ముందు, ఇంటర్వ్యూల ముందు చెప్పుకుంటాం. అపొస్తలుడైన పౌలు ఆ పత్రిక, అంటే ఆ ఉత్తరం, రాసింది ఖైదీగా బంధకాల్లో ఉండి. ముందున్న 11, 12 వచనాల్లో లేమిలోనూ సమృద్ధిలోనూ తృప్తిగా ఉండటం నేర్చుకున్నానంటాడు. కాబట్టి అది గెలుపు మంత్రం కాదు. నాకైతే ఇంటర్వ్యూ పోయిన తర్వాతే ఎక్కువ పనికొచ్చింది.

అన్నట్టు, మీ వచనాన్ని పక్కవాళ్లకు గుర్తుచేయకండి. నేను ఒకసారి చేశాను, గొడవ రెట్టింపైంది.