చిన్న గ్రాంటు అడగడం ఎలా: ఊరి మీద, మీడియా మీద సొంతంగా పనిచేసేవాళ్లకు

మీకు యూనివర్సిటీలో ఉద్యోగం లేదు. పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ లేదు. ఏ ఎన్జీవో ఐడీ కార్డూ మెడలో లేదు. అయినా హైదరాబాద్‌లో ఏదో ఒక మూల మిమ్మల్ని పట్టుకుని వదలడం లేదు. ఛత్తా బజార్‌లో పెళ్లి కార్డులకు ఉర్దూ అక్షరాలు రాసేవాళ్లు కావచ్చు, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో మాయమైన థియేటర్లు కావచ్చు, బస్తీల్లో మొదట కేబుల్ వైరు లాగిన కుర్రాళ్లు కావచ్చు. దాని మీద కొన్నాళ్లు కుదురుగా పనిచేయాలని ఉంది, ఈలోగా ఇంటద్దె ఎలా అన్నదే టెన్షన్. అలాంటివాళ్ల కోసం రాస్తున్నా. నేను విద్యానగర్‌లో ఉంటాను, అనువాదాలు చేసుకుని బతుకుతాను. మధ్యమధ్యలో చిన్న గ్రాంట్లతో, అంటే సంస్థలు పరిశోధనకిచ్చే డబ్బుతో, ఈ ఊరి మీద పనిచేశాను. ఇప్పుడు కుర్రకారు గ్రాంటు కోసం రాసుకొచ్చే ప్రపోజల్స్ చదివి పెడుతుంటాను.

ముందు డబ్బు సంగతి. నగరం, మీడియా కలిసేచోట సొంతంగా పనిచేసేవాళ్లకు చిన్న మొత్తాలిచ్చి చూడొచ్చని మన దేశంలో గట్టిగా చూపించింది ఢిల్లీలోని సరాయ్. రాజనీతి శాస్త్రవేత్త రజనీ కొఠారీ 1963లో మొదలుపెట్టిన పరిశోధన సంస్థ సీఎస్‌డీఎస్‌లో, 2000 ప్రాంతంలో పుట్టిన కార్యక్రమం అది. అక్కడ డిగ్రీ కంటే ప్రశ్నకే విలువ. డబ్బు తీసుకున్నవాళ్లు పని ఎంతవరకు వచ్చిందో నెలనెలా నలుగురూ చదివేలా రాయాలి. ఆ తొలి ఫెలోషిప్పుల కాలం అయిపోయింది గానీ, ఆ అలవాటు మాత్రం ఇప్పటికీ పనికొస్తుంది. ఎవరూ అడగకపోయినా నెలకో రెండు పేజీలు రాసుకోండి. చివర్లో రిపోర్టు కోసం తల పట్టుకోనక్కర్లేదు.

ఇప్పుడు తలుపు తట్టాల్సినవాటిలో నేను ముందు చెప్పేది బెంగళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్. 1995 నుంచి గ్రాంట్లు ఇస్తున్నారు. అక్కడ ప్రపోజల్‌ను ఏ భారతీయ భాషలోనైనా రాయొచ్చు, అంటే తెలుగులోనూ. కళలు అన్నారు కదా అని భయపడొద్దు, సైన్‌బోర్డు రాసేవాళ్ల చేతిపనీ, సినిమా పోస్టరూ ఆ లెక్కలోకే వస్తాయి. కేంద్ర సాంస్కృతిక శాఖ ఇచ్చే జూనియర్, సీనియర్ ఫెలోషిప్పులు ఇంకో దారి. 25 నుంచి 40 ఏళ్లలోపు వాళ్లకు జూనియర్, నెలకు 10,000 రూపాయలు. 40 దాటితే సీనియర్, నెలకు 20,000. రెండేళ్లపాటు ఇస్తారు, డబ్బు ఆరు నెలలకోసారి వస్తుంది. ఆర్నెల్లు చేతి నుంచి పెట్టుకోగలరా లేదా ముందే చూసుకోండి. సామాజిక శాస్త్రాల పరిశోధనకు డబ్బిచ్చే కేంద్ర సంస్థ ఐసీఎస్‌ఎస్‌ఆర్ దక్షిణ ప్రాంతీయ కేంద్రం మన ఉస్మానియా క్యాంపస్‌లోనే ఉంది గానీ, వాళ్ల పెద్ద ప్రాజెక్టులకు ఏదో ఒక సంస్థ నీడ ఉండాలి. ఒంటరిగా పనిచేసేవాళ్లు దాని మీద ఆశ పెట్టుకోకపోవడం మంచిది.

ఇక అసలు పని, ప్రశ్నను తయారుచేసుకోవడం. సగం ప్రపోజల్స్ ఇక్కడే పోతాయి. ఈమధ్య ఒక కుర్రాడు వచ్చాడు.

"అక్కా, నా టాపిక్ హైదరాబాద్ శబ్దాలు."

"ఏ శబ్దాలు?"

"అన్నీ. ట్రాఫిక్, అజాన్, గుడి మైకులు, మెట్రో అనౌన్స్‌మెంట్లు, బండ్ల మీద అమ్మేవాళ్లవి..."

"ఆరు నెలల్లో?"

నవ్వాడు. సరే పద అని కిందికి తీసుకెళ్లాను. మా వీధిలోకి పొద్దున పాత సామాన్లు కొనే తోపుడు బండి వస్తుంది. తోసే మనిషి నోరు తెరవడు. హ్యాండిల్‌కు కట్టిన చిన్న మైకు మాత్రం పాత ఇనుము, పాత పేపర్లు, ఖరాబైన కూలర్లు కొంటామని ఒకే తీరుగా చెప్పుకుంటూ పోతుంది. ఆపి అడిగాం.

"అన్నా, ఈ గొంతు నీదేనా?"

"నాది కాదక్కా. మైకు కొన్నప్పుడే దుకాణంల చిప్పుల వేసిచ్చిండు."

"మరి ఎవరిది?"

"ఏమో. మావోళ్ల బండ్ల మీద చానామటుకు గిదే ఉంటది. కొంతమంది ఇంట్ల ఆడోళ్లతోని చెప్పించుకుంటరు, ఆడమనిషి పిలుస్తే జల్ది గేటు తీస్తరని."

కుర్రాడు అప్పుడు పుస్తకం తీశాడు. ఊరంతా తిరిగే ఆ గొంతు ఎవరిది? దుకాణంలో దాన్ని ఎవరు నింపుతున్నారు, ఏ భాషలో? నల్లకుంటలో తెలుగులో పిలిచే బండి మలక్‌పేటకు పోతే చిప్పు మారుస్తుందా? నోటితో అరిచే పని పోయాక బేరం ఎలా మారింది? ఆడగొంతు మీద ఆ నమ్మకం ఎక్కడిది? ఇవన్నీ నగరం గురించిన ప్రశ్నలే, మీడియా గురించిన ప్రశ్నలే. పైగా ఒక మనిషి ఆరు నెలల్లో చేయగల పని. హద్దు కూడా వేసుకున్నాం: విద్యానగర్, నల్లకుంట, బాగ్‌లింగంపల్లి గల్లీల్లో తిరిగే బండ్లు, వాళ్లకు మైకులు అమ్మే కోఠి గుజరాతీ గల్లీ దుకాణాలు. అంతే. మెట్రో అనౌన్స్‌మెంట్లు ఇంకెవరైనా చూసుకుంటారు.

కమిటీలో కూర్చునేవాళ్లు ఒకేరోజు ఎన్నో ప్రపోజల్స్ చదువుతారు. "ప్రపంచీకరణ నేపథ్యంలో నగర సంస్కృతి" అని మొదలయ్యేది పదోదో పదకొండోదో అయివుంటుంది. మీ మొదటి పేరాలో ఆ బండి రావాలి, ఆ మైకు రావాలి, ఆ మనిషి మాట రావాలి. రాసినవాళ్లు అక్కడికి పోయొచ్చారని వాళ్లకు తెలియాలి. సిద్ధాంతం చెప్పాలనుకుంటే మూడో పేరాలో చెప్పండి, ఎవరూ కాదనరు. నా మటుకు నేను ఫ్రెంచి సిద్ధాంతకర్త ఫూకో పేరు లేని ప్రపోజల్‌ను కాస్త ఇష్టంగానే చదువుతాను.

ఇంతకుముందు ఎవరేం చేశారో చూడటం తప్పదు. దీనికి ఈ ఊళ్లో ఇంటర్నెట్ కంటే మంచి చోట్లున్నాయి. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో పాత పత్రికలున్నాయి. సుల్తాన్ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901 నాటిది. అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీ అంతకంటే పాతది, 1891లో మొదలైంది. వీధుల సంగతి అయితే నిజాం కాలంలో లియోనార్డ్ మన్ చేయించిన మున్సిపల్ సర్వే పటాలు వెతకండి. 1908 సెప్టెంబరులో మూసీ వరద ఊరిని ముంచాక, 1912 నుంచి 1915 వరకు గీసినవి. ఏ గల్లీ అప్పుడుంది, ఏది తర్వాత పుట్టింది అన్నది వాటితో తేలిపోతుంది. కేబుల్ మీద పనిచేసేవాళ్లకు రెండు తేదీలు చాలు. 1995లో వచ్చిన కేబుల్ టీవీ చట్టం ఒకటి, 2013 మార్చితో హైదరాబాద్‌కు సెట్‌టాప్ బాక్సు తప్పనిసరైన రెండో దశ డిజిటైజేషన్ రెండోది. గల్లీ ఆపరేటర్ల కథను ఈ రెండింటి మధ్య పెడితే ప్రపోజల్‌కు దానంతటదే మొదలూ చివరా వస్తాయి.

తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌కు పోవాలంటే సొంతంగా పనిచేసేవాళ్లకు పరిచయ లేఖ దగ్గర చిక్కు వస్తుంది. "ఏ సంస్థ నుంచి వచ్చారు?" అనే ప్రశ్న చాలా ఆఫీసుల్లో ఎదురవుతుంది. గ్రాంటు ఓకే అయిన వెంటనే, మొదటి చెక్కు కంటే ముందు, ఇచ్చినవాళ్ల లెటర్‌హెడ్ మీద ఒక లేఖ అడిగి తీసుకోండి. మీ పేరు, పని పేరు, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు అన్నది అందులో ఉంటే చాలు. ఆ కాగితం చూసి మాట తీరు మార్చిన గుమాస్తాలు నాకు చాలామంది తెలుసు.

బడ్జెట్. దీన్ని జనం చివరి రాత్రి రాస్తారు, నేను ముందు రాయమంటాను. ఎందుకంటే ప్రశ్న పెద్దదైపోయిందో లేదో బడ్జెటే చెబుతుంది. 50,000 రూపాయల గ్రాంటు, ఆరు నెలల పని అనుకుందాం. నేనైతే ఇలా వేస్తాను:

నా టైమ్, నెలకు 4,000 చొప్పున: 24,000
ఇంటర్వ్యూలను రాతలోకి ఎక్కించడం: 10,000
ఆటో, బస్సు, మెట్రో: 6,000
జిరాక్సులు, స్కాన్లు, ఫోటో ప్రింట్లు: 4,000
కాలర్ మైకు, మెమరీ కార్డులు: 3,000
మాట్లాడినవాళ్లకు: 3,000

మొదటి వరుస చూసి "నా టైమ్‌కు డబ్బు వేసుకోవచ్చా?" అని అడుగుతారు. వేసుకోవాలి. వేసుకోకపోతే మీరేదో సరదాకి చేస్తున్నారనుకుంటారు. కొన్ని సంస్థలు దాన్ని ఒప్పుకోవు, నియమాల్లో చూసుకోండి. రెండో వరుస దగ్గర చేయి బిగబట్టొద్దు. గంట మాటను రాతలోకి తేవడానికి ఐదారు గంటలు పడుతుంది. అదీ మైకుల దుకాణంలో, వెనకాల పది స్పీకర్లు మోగుతుండగా, తెలుగూ, దక్కనీ అనే మన హైదరాబాదీ ఉర్దూ కలగలిసిన మాట అయితే ఇంకా ఎక్కువ. దక్కనీ వినగానే పట్టుకునే మనిషి దొరికితే వాళ్లు అడిగినంత ఇవ్వండి. లక్డీకాపూల్‌లో కూర్చుని ఢిల్లీ ఉర్దూలోకి దిద్ది రాసిచ్చేవాళ్లతో మీ పని చెడుతుంది.

చివరి వరుస గురించి వాదనలున్నాయి. ఇంటర్వ్యూకు డబ్బిస్తే మాట మారుతుందంటారు. బండి తోసే మనిషిని గంట ఆపితే అతని ఆ గంట సంపాదన పోతుంది. నేను దాన్ని కూలి నష్టం కింద రాస్తాను, అందరికీ ఒకటే లెక్క, ముందే చెప్పి ఇస్తాను. దుకాణదారుకు డబ్బివ్వను, ఇస్తే చిన్నబుచ్చుకుంటాడు. చాయ్ చెప్పిస్తే సరిపోతుంది, ఒక్కోసారి అతనే మనకు చెప్పిస్తాడు.

టైమ్‌టేబుల్‌లో "మొదటి నెల సాహిత్య సమీక్ష, రెండో నెల ఫీల్డ్‌వర్క్" అని అందరూ రాస్తారు. మీరు ఊరి క్యాలెండర్ పెట్టండి. ఛత్తా బజార్ కార్డులవాళ్లతో మాట్లాడాలంటే మొహర్రం మంచిది, ఆ నెలలో పెళ్లిళ్లు పెట్టుకోరు కాబట్టి చేతిలో పని తక్కువ. తెలుగువాళ్ల కార్డుల ప్రెస్సులకు ఆషాఢం అలాంటిది. రంజాన్‌లో పాతబస్తీలో పగలు పోయి కూర్చుంటే ఎవరూ మాట్లాడే ఓపికలో ఉండరు, రాత్రి తరావీ నమాజు అయ్యాక పోండి. మైకులు, ఫ్లెక్సీల మీద పనైతే ఎన్నికల నెలలు బంగారం. మున్సిపాలిటీ నుంచి కాగితాలు కావాలంటే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయలతో దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలని 2005 చట్టం చెబుతుంది. అప్పీలుకు ఇంకో నెలన్నా కలుపుకుని టైమ్‌టేబుల్ వేసుకోండి.

సీవీ ఒక పేజీ. సిఫారసు లేఖ పెద్ద పేరున్నవాళ్లది కాక, మీ పని నిజంగా చదివినవాళ్లది తీసుకోండి. రాసిన నమూనా ఒకటి జతచేయండి, ఆ బండి మనిషితో మాట్లాడిన రెండు పేజీలైనా సరే.

గ్రాంటు వచ్చాక ఒప్పందం కాగితం పూర్తిగా చదవండి. రికార్డింగులు, ఫోటోల మీద హక్కు ఎవరిది, తెలుగులో పుస్తకంగా వేసుకోవడానికి మళ్లీ అనుమతి కావాలా అన్నవి సంతకానికి ముందే తేల్చుకోండి. విదేశీ డబ్బు అయితే విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్‌ఏ గుర్తుంచుకోండి. 2020 సవరణ తర్వాత ఒక సంస్థ తాను తీసుకున్న విదేశీ నిధిని ఇంకొకరికి బదిలీ చేయకూడదు. తెలిసిన ఎన్జీవో ఖాతాలో వేయించుకుని తర్వాత తీసుకుందాం అనే పాత సలహా ఎవరిచ్చినా వినొద్దు, సీఏను అడగండి. ఇచ్చేటప్పుడే పన్ను (టీడీఎస్) కట్ చేసి ఇస్తే ఆ ఏడాది రిటర్న్ వేయండి, ఆదాయం తక్కువైతే ఆ డబ్బు వెనక్కి వస్తుంది.

డబ్బు సాధారణంగా వాయిదాల్లో వస్తుంది, ఆఖరి వాయిదా రిపోర్టూ లెక్కలూ ఇచ్చాకే. నాకు ఒక చోట ఆ ఆఖరి వాయిదా నెలల తరబడి ఆగింది, అడిగినప్పుడల్లా ఫైలు పైన ఉందనేవాళ్లు. అందుకే ఆఖరి వాయిదాను నా టైమ్ కింద మాత్రమే రాసుకుంటాను. ఇంకొకళ్లకు ఇవ్వాల్సినవన్నీ మొదటి వాయిదాలోనే పెట్టి తీర్చేస్తాను. ఆటోవాళ్లు రసీదు ఇవ్వరు కాబట్టి ఇంటికి రాగానే తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎంత అన్నది వోచర్ మీద రాసి సంతకం పెట్టుకోండి. జిరాక్సు దుకాణంలో బిల్లు అడిగితే విసుక్కుంటారు, అయినా అడగండి. థర్మల్ కాగితం బిల్లులు కొన్ని నెలలకే అక్షరాలు చెరిగి తెల్లకాగితాలైపోతాయి, వచ్చినరోజే ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి.