డిగ్రీలోనే పరిశోధన: విశాఖ విద్యార్థులకు కొన్ని సూచనలు

పరిశోధన అంటే ఎమ్మెస్సీ ముగించి పీహెచ్‌డీలో చేరాక మొదలయ్యే వ్యవహారమని మన కళాశాలల్లో చాలామంది అనుకుంటారు. డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థి చేయగలిగిన పని దాదాపు ప్రతి ప్రయోగశాలలోనూ ఉంటుంది. దాన్ని ఎవరూ నోటీసు బోర్డులో పెట్టరు కనుక మనమే వెళ్లి అడగాలి.

విశాఖపట్నంలో ఆ వెదుకులాటను సముద్రం దగ్గర మొదలుపెట్టవచ్చు. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 1950ల తొలినాళ్లలో వచ్చిన అమెరికా శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఇక్కడ సముద్ర విజ్ఞాన అధ్యయనానికి ఊతమిచ్చారు. నేడు జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థకు నగరంలో ప్రాంతీయ కేంద్రాలున్నాయి. ఇవి జంతుశాస్త్రం వారికేనని రసాయనశాస్త్ర, గణిత విద్యార్థులు వెనుదిరగనవసరం లేదు. నీటిలో నైట్రేటును కొలవడం రసాయనశాస్త్రమే, తుపాను దారిని అంచనా వేయడంలో గణితమే ఆధారం.

అడగడంలోనే చాలామంది పొరబడతారు. ఒకే ఈమెయిలును యాభై మందికి పంపితే, అది తమకోసం రాసినది కాదని చదివేవారికి మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది. ముగ్గురిని ఎంచుకుని, ఒక్కొక్కరి పరిశోధన పత్రం ఒకటి చదవండి; సగమే అర్థమైనా ఫరవాలేదు. అందులో మీకు బోధపడిన ఒక విషయాన్నీ, బోధపడని ఒక ప్రశ్ననూ నాలుగు వాక్యాల్లో రాసి, వారానికి ఏ రోజుల్లో ఎన్ని గంటలు రాగలరో, ఎన్ని నెలలు కొనసాగగలరో స్పష్టంగా చెప్పండి. రెండు వారాల్లో జవాబు రాకపోతే ఒకసారి గుర్తుచేయవచ్చు. మీ అధ్యాపకులు ఫోనులో చెప్పే ఒక్క మాట, నా దృష్టిలో, పది ఈమెయిళ్ల పెట్టు.

చేరిన తొలి నెలల్లో గాజు సామగ్రి కడగడం, సూక్ష్మదర్శినిలో ప్లవకాలను (నీటిలో తేలియాడే చిన్న జీవులను) లెక్కించడం వంటి పనులే దక్కుతాయి. వాటితోపాటు నోటుపుస్తకం రాయడం అలవరచుకోవాలి. విశాఖ తీరంలోని లాసన్స్ బేలో తెచ్చిన నీటి లవణీయత ఒకనాడు అనుకోకుండా తగ్గిందనుకుందాం. ముందురోజు రాత్రి వాన పడిందా, నీరు తీసినప్పుడు సముద్రం పోటు మీద ఉందా, పాటు మీద ఉందా అన్నది అప్పుడే రాసిపెట్టి ఉంటేనే కారణం దొరుకుతుంది. అంకె తప్పుపడితే చెరిపివేయకుండా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాయాలి. విఫలమైన ప్రయోగాన్ని కూడా తేదీతో సహా నమోదు చేయాలి.

వేసవికోసం మూడు జాతీయ విజ్ఞాన అకాడమీలు కలిసి ఇచ్చే రెండు నెలల ఫెలోషిప్ ఉంది. దాని దరఖాస్తుల గడువు సాధారణంగా ముందటి ఏడాది చివర్లోనే ముగుస్తుంది కనుక దసరా నుంచే గమనిస్తూ ఉండాలి. ఎంబీబీఎస్ విద్యార్థులకు భారత వైద్య పరిశోధన మండలి స్వల్పకాలిక స్టూడెంట్‌షిప్ ఇస్తుంది. డబ్బు కట్టించుకుని ధ్రువపత్రం చేతిలో పెట్టే ఇంటర్న్‌షిప్‌ల జోలికి పోకపోవడమే మేలు.

ఫలితాలు ప్రచురితమైతే మీ పేరు ఎక్కడ ఉంటుందో మొదట్లోనే మర్యాదగా అడిగి తెలుసుకోండి. వెళ్లిపోయేటప్పుడు నోటుపుస్తకాన్ని ప్రయోగశాలకే అప్పగించి, అనుమతి తీసుకుని ఒక నకలు మాత్రం మీ దగ్గర ఉంచుకోండి.